మాట మీద విడుదల

సెప్టెంబర్ 11, సోమవారం

జైల్లో నేను బెయిలు కేసులు వినే గది గోడ మీదున్న పట్టీ ఈ రోజు తీసేశాను. ఏ నేరానికి ఎంత బెయిలో వరసగా అచ్చేసి, పైన ప్లాస్టిక్ తొడుగు వేసి, నాకన్నా ముందున్న జడ్జి బిగించి వెళ్ళిన కాగితం. చేత్తో లాగితే రాలేదు. సార్జెంట్ పర్విస్‌ని స్క్రూడ్రైవర్ అడిగాను.

"కొత్తది పెడతారా జడ్జమ్మా?" అన్నాడు.

"లేదు. ఇక పట్టీ ఉండదు."

"మరి బెయిలు ఎంతని రాస్తారు?"

"మనిషితో మాట్లాడి రాస్తా."

పర్విస్ స్క్రూలు జేబులో వేసుకున్నాడు. నేను మనసు మార్చుకుంటే మళ్ళీ బిగించడానికి దాచినట్టున్నాడు.

ఎలియాస్ సంగతి ఇక్కడ రాసిపెట్టుకోవాలి. ఎందుకు తీశావని ఎవరైనా అడిగితే తడబడకూడదు. జూలైలో బార్ బయట ఇద్దరు కొట్టుకున్నారు. ఒకడు కోళ్ళ ఫ్యాక్టరీలో పనిచేసే ఎలియాస్, ఇంకొకడు కలప డిపో ఓనరు కొడుకు. ఇద్దరి మీదా ఒకటే కేసు, పట్టీ ప్రకారం ఒకటే బెయిలు. డిపో కుర్రాడు మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉన్నాడు. ఎలియాస్ లోపల ఉండిపోయాడు. ఫ్యాక్టరీలో అతని చోట ఇంకొకర్ని పెట్టుకున్నారు. నేరం ఒప్పుకుంటే ఈ రోజే ఇంటికి పోవచ్చని ప్రాసిక్యూటర్ అంటే ఒప్పేసుకున్నాడు. బయటున్నవాడు మంచి లాయర్ని పెట్టుకుని నిలబడ్డాడు, అతని కేసు కొట్టేశారు. ముందు చెయ్యి చేసుకున్నది ఎవరో బార్‌లో ఉన్నవాళ్ళందరికీ తెలుసు.

డబ్బు కట్టకుండా, కోర్టుకి వస్తానన్న మాట మీద మనిషిని వదిలే అధికారం చట్టం నాకు ఇచ్చే ఉంది. మా కౌంటీలో ఎవరూ వాడరు, అంతే.

రాండల్‌కి ఇంకా చెప్పలేదు. బెయిలు కట్టలేనివాళ్ళు పదో వంతు అతని చేతిలో పెడితే అతను పూచీ ఉండి బయటికి తెస్తాడు. ఆ పదో వంతు మళ్ళీ వెనక్కి రాదు. దుకాణం కోర్టుకి ఎదురుగానే. మా ఆయన డోయల్‌కి సొంత తమ్ముడు. నేను జడ్జి ఎన్నికల్లో నిలబడ్డప్పుడు ఊరంతా నా పేరు బోర్డులు పాతింది కూడా అతనే.

ఆదివారం భోజనాలప్పుడు చెప్తాను.

సెప్టెంబర్ 17, ఆదివారం

చెప్పలేదు. మాంసం బాగా ఉడికింది. అందరూ సంతోషంగా ఉన్నారు.

సెప్టెంబర్ 24, ఆదివారం

అతనికి ముందే తెలుసు. ప్లేటులో బీన్స్ వడ్డించుకుంటూ మొదలుపెట్టాడు.

"వదినా, నీ గది గోడ ఖాళీగా ఉందట. నా ఫొటో ఏమన్నా పెడుతున్నావా?"

"నీ ఫొటో పెడితే దొంగలు భయపడతారు రాండల్."

నవ్వాడు. తర్వాత నవ్వు ఆపాడు.

"ఊరికే వదిలేస్తున్నావంటున్నారు."

"ఊరికే కాదు. ఎక్కడుంటావు, ఎవరితో ఉంటావు, కోర్టుకి ఎలా వస్తావు, ఎప్పుడైనా రాకుండా ఎగ్గొట్టావా, అన్నీ అడుగుతున్నా. ఎవరికైనా హాని చేస్తాడనిపిస్తే వదలట్లేదు."

"వాళ్ళు నీతో అబద్ధాలు చెప్తారు వదినా."

"నీతో చెప్పరా?"

"నాతోనూ చెప్తారు. కానీ నా దగ్గర వాళ్ళమ్మ కారు కాగితాలు తాకట్టుంటాయి." ఫోర్కు కింద పెట్టాడు. "పారిపోయినవాణ్ణి లూసియానా దాకా వెళ్ళి పట్టుకొచ్చినవాణ్ణి నేను. రేపు నువ్వు వదిలినవాడు పారిపోతే ఎవరు పోతారు? ఒడెస్సా వెళ్తుందా, ఆ మోకాళ్ళతో?"

నాకూ నవ్వొచ్చింది. ఒడెస్సా మా ఆఫీసు గుమాస్తా. డోయల్ మాత్రం నవ్వలేదు. ఇద్దరిలో ఎవరి వంకా చూడకుండా మొక్కజొన్న రొట్టె అటు జరిపాడు.

రాండల్‌కి కోపం లేదు. వెళ్ళేటప్పుడు బుగ్గ మీద ముద్దు కూడా పెట్టాడు.

అక్టోబర్ 12

ఒడెస్సా ఫోన్లు చేయడం మొదలుపెట్టింది. కోర్టు రోజుకి ముందు ఒక్కొక్కరికీ. తలుపు తీసే ఉంచుకుని వింటున్నాను.

"ఏరా డెల్విన్, రేపు పొద్దున నీకు కోర్టుంది, తెలుసా? ... తెలిస్తే సరే. ఆ చిరుగుల ప్యాంటు వేసుకుని రాకు. ... బండి లేదా? మీ పిన్నిని అడుగు. ... అడగలేవా? ఫోను మీ పిన్నికివ్వు, నేనడుగుతా."

డెల్విన్ వచ్చాడు. పిన్ని కూడా వచ్చింది. కోర్టు హాల్లో వాడి కాలరు సరిచేసి వెళ్ళింది.

అక్టోబర్ 30

వస్తున్నారు. అందరూ కాదు. కానీ డబ్బు కట్టి వెళ్ళినవాళ్ళు ఎలా వచ్చేవాళ్ళో వీళ్ళూ అలాగే వస్తున్నారు.

ట్రెంట్ మోబ్లీ మార్చి ఎన్నికల్లో నా మీద పోటీకి దిగుతున్నాడట. షెరిఫ్ దగ్గర డిప్యూటీగా చేసి మానేసినవాడు. బోర్డులు అప్పుడే అచ్చయ్యాయి. రాండల్ ట్రక్కులో చూశాను.

దాని గురించి నేనేం ఆలోచించడం లేదు.

నవంబర్ 14

లైల్ బర్క్‌హాల్టర్. పైకప్పులు వేసే పని. తాగి బండి నడిపాడు, మొదటిసారి. మర్యాదగానే మాట్లాడాడు. అక్క జానెల్ దగ్గరుంటాడు. ఆమెకి నేనే స్వయంగా ఫోన్ చేశాను. తాళాలు తను దాస్తానంది, పనికి తనే దింపుతానంది. తాగకూడదు, బండెక్కకూడదు అని షరతులు రాసి సంతకం పెట్టించుకుని వదిలాను.

నవంబర్ 18, శనివారం

ఐమాజీన్.

నవంబర్ 19, ఆదివారం

రాయాలి.

నిన్న మధ్యాహ్నం లైల్ తీసింది అక్క బండి కాదు. తాళాలు ఆమె జేబులోనే ఉన్నాయి. పనిచోట మేస్త్రీ ట్రక్కు తీసుకుని వెళ్ళాడు. అప్పటికే తాగి ఉన్నాడు. మిల్లు రోడ్డు మలుపులో ఎదురొచ్చిన కారుని గుద్దాడు. అందులో ఐమాజీన్ ప్రాక్టర్, మా చర్చిలో ఆర్గన్ వాయించే ఐమాజీన్. ప్రాణానికి ఫరవాలేదు. కుడిచేతి మూడు వేళ్ళు తీసేశారు.

పొద్దున జైల్లో లైల్‌ని నా ముందే నిలబెట్టారు. ఏడుస్తున్నాడు. "ఆమెకెలా ఉంది జడ్జమ్మా, ఆమెకెలా ఉంది" అని అదే మాట. చెప్పాను. కూలబడిపోయాడు, పర్విస్ లేపి నిలబెట్టాడు. ఇంకో జడ్జిని పిలుద్దామా అనుకున్నాను. పిలవలేదు. నేను వదిలినవాణ్ణి నేనే చూడాలి.

అతను కట్టలేని అంకె వేశాను. కట్టలేడని తెలిసే వేశాను. "ఈ మనిషి బయట ఉంటే ప్రమాదం, కేసు తేలేదాకా లోపలే ఉంచండి" అని సూటిగా రాసే వీలు ఈ కేసులో చట్టం నాకివ్వలేదు. అంకె ఒక్కటే ఇచ్చింది. నేను గోడ మీంచి ఊడదీసిన ఆ ఆయుధాన్నే మళ్ళీ పట్టుకోవాల్సి వచ్చింది.

తర్వాత చర్చికి వెళ్ళాను. ఆర్గన్ మూత వేసి ఉంది. నోటితోనే పాడాం. మా వరసలో ఎవరూ కూర్చోలేదు. కిటికీ పక్కన చలి ఎక్కువ, అందుకే.

నేను అడగాల్సినవన్నీ అడిగాను.

నవంబర్ 20

రాండల్ ఆఫీసుకి వచ్చాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఐమాజీన్‌కి జరిగినదానికి బాధగా ఉంది వదినా. నీకూ బాధగా ఉంటుందని తెలుసు."

"ఉంది."

"పట్టీ గోడ మీదుంటే లైల్ లోపలే ఉండేవాడు. వాడి దగ్గర చిల్లిగవ్వ లేదు."

"ఉండేవాడు." అబద్ధం ఆడలేను.

"నిన్న మరి పెద్ద అంకె వేశావట. అవసరం పడితే నీకూ డబ్బే దిక్కయింది కదా."

నా దగ్గర జవాబు లేదు. అతను వెళ్ళిపోయాక కూడా దొరకలేదు. ఒడెస్సా కాఫీ తెచ్చి పెట్టి తలుపు మూసింది. ఆ తలుపు ఆమె ఎప్పుడూ మూయదు.

నవంబర్ 21

టైలర్ పట్నంలో ఆసుపత్రికి వెళ్ళాను. డోయల్ వస్తానన్నాడు. వద్దన్నాను.

ఐమాజీన్ దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉంది. కట్టు మోచేతి దాకా ఉంది. నన్ను చూడగానే టీవీ కట్టేసింది.

"క్షమించమని అడగడానికొచ్చావా?"

"మీ చేతికి ఇలా అయినందుకు నా గుండె తరుక్కుపోతోంది. అది చెప్పాలి. కానీ క్షమించమనడానికి రాలేదండీ."

"మరి?"

"రేపు పొద్దున మళ్ళీ జైలుకి వెళ్తాను. మళ్ళీ మనుషుల్ని మాట మీద వదుల్తాను. అది మీకు ఇంకెవరో చెప్పేకన్నా నేను చెప్తే మేలని వచ్చాను."

దిండ్ల మీంచి ముందుకి వంగింది.

"ఇదేమిటో చూశావా?" కట్టున్న చెయ్యి ఎత్తింది. "ఇది చూసి కూడా?"

"చూసే చెప్తున్నా. లైల్ లాంటివాడు ఒకడున్నాడు. వాణ్ణి వదిలింది నేనే. వాడి పేరు చెప్పి మిగతావాళ్ళందర్నీ లోపల పడెయ్యలేను."

"నీకు పొగరు లోరీన్. చిన్నప్పుడు నా దగ్గర పియానో నేర్చుకునేటప్పుడూ అంతే. తప్పు వాయిస్తూ కూడా ఆపేదానివి కాదు."

"అవునండీ."

"బయటికి నడు."

నడిచాను.

నవంబర్ 23

థాంక్స్‌గివింగ్ పండగ. రాండల్ వాళ్ళు రాలేదు. టర్కీ కోడి మా ఇద్దరికీ మరీ పెద్దదైంది. డోయల్ ఫోర్కు పక్కన పెట్టి, "మానేస్తే ఏమవుతుంది?" అన్నాడు.

"ఏది?"

"ఏదైనా."

ప్లేట్లు తీసి కడిగాను.

నవంబర్ 27

ఈ రోజు ఎవర్నీ వదలలేదు. అందరికీ అంకెలు వేశాను. సరైన కారణాలున్నాయి.

నవంబర్ 28

కారణాలు లేవు. భయం వేసింది, అంతే.

అందులో ఒకమ్మాయి, రోషెల్. లైసెన్సు గడువు అయిపోయాక కారు నడిపింది, అంతకు మించి ఏమీ లేదు. వృద్ధాశ్రమంలో సాయంత్రం షిఫ్టు. నిన్న ఆమెకి అంకె వేస్తున్నప్పుడు నా కళ్ళ ముందు ఐమాజీన్ చెయ్యి ఉంది. ఐమాజీన్ చేతికీ రోషెల్‌కీ ఏం సంబంధం? ఏమీ లేదు.

ఈ రోజు పెందలాడే వెళ్ళి పర్విస్‌ని నిన్నటివాళ్ళందర్నీ మళ్ళీ తీసుకురమ్మన్నాను.

"మళ్ళీనా?"

"మళ్ళీ. నిన్న నేను సరిగ్గా చెయ్యలేదు."

అందరితోనూ మొదట్నుంచి మాట్లాడాను. ఇద్దర్ని పెద్ద అంకె వేసి ఉంచాల్సి వచ్చింది. వాళ్ళలో ఒకడు భార్యని మెట్ల మీంచి తోశాడు. డబ్బు కట్టి పోతానని ధీమాగా చెప్పాడు కూడా. మధ్యాహ్నానికి కట్టి పోయాడు. కనీసం ఆమె ఇంటి దగ్గరికి పోకూడదని ఉత్తర్వు రాశాను. ఆమెకి ఫోన్ చేసి, చెల్లెలింటికి వెళ్ళమన్నాను.

మిగతావాళ్ళని వదిలాను. రోషెల్ షిఫ్టు అందుకుంది.

రాండల్ అడిగినదానికి జవాబు దొరికింది. మెట్ల మీంచి తోసినవాడే ఆ జవాబు.

జనవరి 22

కరపత్రం పోస్టులో మా ఇంటికి కూడా వచ్చింది. మోబ్లీది. ముందు పేజీ నిండా కట్టు కట్టిన ఐమాజీన్ చెయ్యి. కింద, "జడ్జి లోరీన్ హక్కబీ మాట మీద వదిలారు."

డోయల్ పోస్టు డబ్బా దగ్గరే నిలబడి చదివాడు. నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఎక్కడికి వెళ్తున్నావంటే చెప్పలేదు. ట్రక్కు తీసి తమ్ముడింటి వైపు తిప్పడం కిటికీలోంచి చూశాను.

తిరిగొచ్చాక చెయ్యి కడుక్కుని భోజనానికి కూర్చున్నాడు. వేళ్ళ కణుపుల దగ్గర చర్మం లేచి ఉంది. ట్రక్కు బానెట్ తగిలిందన్నాడు. నేనూ సరే అన్నాను.

ఫిబ్రవరి 15

ఫైర్ స్టేషన్ హాల్లో అభ్యర్థుల సభ. కుర్చీలు చాలక గోడ పక్కన నిలబడ్డారు. రాండల్ వెనక వరసలో ఉన్నాడు. ఎడమ కన్ను కింద పసుపు రంగు మచ్చ ఇంకా పోలేదు.

మోబ్లీ ముందు మాట్లాడాడు. బాగానే మాట్లాడాడు. నా వంతు వచ్చింది. ఎవరో అరిచారు, "లైల్‌కి ఎందుకంత బెయిలు వేశావు మరి? డబ్బు తప్పంటివి కదా?"

"వేశాను," అన్నాను. "వాణ్ణి లోపల ఉంచాలి. ఉంచడానికి నా చేతిలో అదొక్కటే ఉంది. అదే అంకె వేస్తే ఈ హాల్లో కొంతమంది సాయంత్రానికల్లా కట్టి వెళ్ళిపోతారు. నవంబర్లో భార్యని మెట్ల మీంచి తోసినవాడు అలాగే వెళ్ళాడు. ప్రమాదకరమైనవాణ్ణి, డబ్బున్నా లేకపోయినా, లోపలే ఉంచే అధికారం నాకివ్వమని ఆస్టిన్‌లో శాసనసభకి రాశాను. ప్రమాదం కానివాణ్ణి ఇంటికి పంపే అధికారం నా దగ్గర ఉంది. అది వాడతాను. రేపూ వాడతాను."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒడెస్సా ఒక్కతే మొదలుపెట్టి, చుట్టూ చూసి, ఇంకా గట్టిగా కొట్టింది.

అప్పుడు మోబ్లీ, "మన ఐమాజీన్‌గారు ఈ రాత్రి ఇక్కడే ఉన్నారు. ఆమే చెప్తారు" అని చెయ్యి చాపాడు.

ఐమాజీన్ లేచింది. కుడిచెయ్యి కోటు జేబులో ఉంది. ఎడంచేత్తో కరపత్రం పైకెత్తింది.

"ట్రెంట్, ఈ చెయ్యి ఎవరిది?"

"మీదేనమ్మా."

"నన్నడిగావా?"

"ఫొటో మీ మేనకోడలు ఇచ్చిందమ్మా."

"చెయ్యి నా మేనకోడలిదా?"

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు.

"లోరీన్‌కి నేను ఓటెయ్యను," అంది ఐమాజీన్. "అది నేను ఆమె మొహం మీదే చెప్పగలను, ఇదిగో, చెప్తున్నా. ఆమె చేసింది తప్పో ఒప్పో నేనింకా తేల్చుకోలేదు. తేల్చుకునేలోగా పోతానేమో కూడా. కానీ ఆమె నా మంచం దగ్గరికొచ్చి, తను చెయ్యబోయేది నాకే చెప్పింది. నేను పొమ్మంటే పోయింది. నువ్వు మాత్రం నా చెయ్యి తీసుకెళ్ళి ఊరంతా పంచావు. నీకూ వెయ్యను."

కూర్చుంది. తర్వాత మళ్ళీ లేచి, "ఇంక దీన్నెవరూ వాడుకోవద్దు," అని ఇంటికెళ్ళిపోయింది.

మార్చి 6

ఓడిపోయాను. మరీ ఘోరంగా ఏం కాదు. ఒడెస్సా ఏడ్చింది. నేను ఏడవలేదు. స్నానాల గదిలో కుళాయి తిప్పి ఉంచాను కాసేపు.

బయటికొస్తే డోయల్ మంచం అంచున కూర్చుని బూట్లు విప్పుకుంటున్నాడు.

"నీకే వేశా," అన్నాడు.

"మరి రాండల్ అడిగితే?"

"వాడడగలేదు. నువ్వూ అడగలేదు." రెండో బూటు విప్పాడు. "మొదటి నుంచీ నీకే వేద్దామనుకున్నా. అలా అనిపించేలా లేనేమో."

"లేవు."

"ఊఁ," అన్నాడు. "ఇప్పుడు చెప్పా కదా."

మార్చి 7

పొద్దున పర్విస్ నా కోసం తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ పట్టుకోలేదు. రానని అనుకున్నాడట.

"ఎందుకు రాను? లోపల ఎంతమంది ఉన్నారు?"

మొదట వచ్చినామె పేరు లవోన్. ఇంటి ఓనరమ్మతో గొడవపడి ఆమె పూలకుండీలు పగలగొట్టింది. అన్నీ అడిగాను. బాప్టిస్ట్ చర్చి వెనక తమ్ముడితో ఉంటుంది. కోర్టు ఎక్కడో తెలుసు, నడిచి రాగలదు. ఓనరమ్మ వైపు పోకూడదంటే, "ఆ పిశాచం మొహం నాకెందుకు" అంది. ఆ మాట కాగితంలో రాయలేదు.

షరతులు చదివి వినిపించాను. కలం ఇస్తే తీసుకోలేదు. నన్ను కిందికీ పైకీ చూసింది.

"లోపల టీవీలో చెప్పారు, మీరు ఓడిపోయారట కదా?"

"అవును."

"మరి మీ మాట చెల్లుతుందా?"

"డిసెంబర్ ముప్పై ఒకటి దాకా జడ్జిని నేనే. చెల్లుతుంది," అన్నాను. "సంతకం పెట్టు."